నల్లా తిప్పితే నురుగు! మామ అడిగిన ఒక్క ప్రశ్న...

మన సినిమాల్లో 'బారు' అనగానే మీకేం గుర్తొస్తుంది? పాత సినిమా అయితే విలన్ గారి డెన్! గోడ నిండా రంగురంగుల సీసాలు, గిర్రున తిరిగే ఎర్ర లైటు, మెట్ల మీంచి దిగివచ్చే క్లబ్ డాన్సరు. విలన్‌కి సంతోషం వస్తే తాగుతాడు. హీరోకి దుఃఖం వస్తే తాగుతాడు. ఇద్దరి గ్లాసుల్లోనూ వుండేది మాత్రం ఏ కూల్‌డ్రింకో, టీ డికాషనో! 1953లో వచ్చిన 'దేవదాసు' కోసం అక్కినేని రాత్రిపూట షూటింగ్ పెట్టించుకుని, పెరుగన్నం తిని, ఆ మగతతోనే కెమెరా ముందు నిలబడ్డారన్న ముచ్చట మీరూ వినే వుంటారు. చుక్క ముట్టకుండా తెలుగుదేశానికంతటికీ తాగుబోతుని చూపించిన ఘనత ఆయనది. మొన్నమొన్నటి 'దసరా' (2023) సంగతి వేరు. అందులో సిల్క్ బారే ఒక పాత్ర. వూరి పెత్తనం, కులం, ఓట్లు అన్నీ ఆ గుమ్మం దగ్గరే తేలతాయి.

ఈ మధ్య నేను చూసిన బారు మాత్రం ఈ రెండు రకాల్లోనూ ఇమడదు. అక్కడ డాన్సరు లేదు, ఏడ్చే హీరో లేడు. ఓ మూల చంటిపిల్ల బొమ్మలకు రంగులేసుకుంటోంది. బల్ల కింద ఓ కుక్క నిద్రపోతోంది. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్ నగరం. దాన్ని వాళ్ళు 'ట్యాప్‌రూమ్' అంటారు. తెలుగులో చెప్పాలంటే కొళాయి గది. మా సంగారెడ్డి భాషలో చెప్పాలంటే, నల్లా గది!

సరదాగా వెళ్ళాననుకుంటున్నారేమో. కాదు. నేను వెళ్ళింది గూఢచారిగా!

మామ అప్పగించిన డ్యూటీ

పటాన్‌చెరులో పెరిగినవాణ్ణి. మా మేనమామది సంగారెడ్డి పక్కన ఓ పల్లె. ఆ చుట్టుపక్కల ఓ పెద్ద బీరు ఫ్యాక్టరీలో ఆయన 22 ఏళ్ళు పనిచేశాడు. మీలో చాలామందికి తెలియకపోవచ్చు. హైదరాబాదు బార్లలో పొంగే బీరులో బోలెడంత సంగారెడ్డి జిల్లాలో పుట్టిందే! యునైటెడ్ బ్రూవరీస్ లాంటి పెద్ద కంపెనీల ఫ్యాక్టరీలు ఇక్కడే వున్నాయి. 2025 జనవరిలో ఆ కంపెనీ ధరల పేచీ, బకాయిల పేచీ వచ్చి కొన్నాళ్ళు తెలంగాణకు సరఫరా ఆపేసినప్పుడు రాష్ట్రమంతా గగ్గోలు పెట్టింది గుర్తుందా? అప్పుడు మా మామ అరుగు మీద కూర్చుని ఒకటే నవ్వు.

మామ పనేమిటో చెబితే సినిమావాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. బీరు సీసాలు మళ్ళీ మళ్ళీ వాడతారు కదా. వాడిన సీసాలు ఫ్యాక్టరీకి తిరిగొస్తాయి. వేడి సోడా నీళ్ళలో కడిగాక, అవి వరసగా బెల్టు మీద ఒక తెల్లటి లైటు ముందునుంచి సాగిపోతాయి. ఆ లైటు ముందు ఒక మనిషి కూర్చుని రెప్ప వేయకుండా చూడాలి. ఏ సీసాలో బీడీ ముక్క వుందో, ఏ సీసా మూతి పగిలిందో కనిపెట్టి పక్కకు తీసెయ్యాలి. అచ్చు ఎడిటింగ్ రూములో మూవియోలా ముందు ఎడిటరు కూర్చున్నట్టే! ఫ్రేము వెనక ఫ్రేము, సీసా వెనక సీసా. కాసేపు చూస్తే కళ్ళు తిరుగుతాయని కొద్దికొద్దిసేపటికే మనిషిని మారుస్తారు. ఆ తర్వాత నింపుడు, మూత బిగింపు, వేడి నీళ్ళ జల్లుల కింద పాశ్చరైజేషను, లేబులు, ఆపైన డజను సీసాల పెట్టె.

ఇన్నేళ్ళలో లక్షలాది సీసాలు కళ్ళముందు సాగిపోయాయి. మామ మాత్రం ఒక్క చుక్క తాగలేదు. దానికో కారణం వుంది.

మా పెద్దమామ సారాకు బలయ్యాడు. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో సర్కారు సారా ప్యాకెట్లలో వూరూరికీ నడిచొచ్చిన రోజులవి. పొద్దున కూలి, సాయంత్రం ప్యాకెట్టు. నలభై దాటకుండానే పోయాడు. ఆ తర్వాతి చరిత్ర మీకు తెలిసిందే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మీద తిరగబడ్డారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరులో మళ్ళీ ముఖ్యమంత్రి అయిన ఎన్.టి.రామారావు మద్య నిషేధానికి తొలి సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అమలు. ఏ పార్టీ సర్కారు సారా ప్యాకెట్టు వూళ్ళోకి తెచ్చిందో, ఆ పార్టీ నాయకుడి చేత్తోనే నిషేధం కూడా వచ్చింది చూశారా! ఏ స్క్రీన్‌ప్లే రచయితా రాయడానికి సాహసించని మలుపది. 1997లో నిషేధం సడలించారు. ఫ్యాక్టరీలో మనుషులు కావాలన్నారు. మామకు వున్న ఎకరం పొలానికి నీళ్ళు లేవు. వెళ్ళి చేరాడు.

"సారా మా అన్నను తిన్నది. బీరు నా కొడుకును చదివించింది. దేన్ని తిట్టాల్నో తెలుస్తలేదురా," అనేవాడు.

ఆ కొడుకే మా బామ్మర్ది. ఇంజనీరింగు చదివి ఆరెగాన్‌లో హిల్స్‌బరో అనే వూళ్ళో చిప్పుల కంపెనీలో పనిచేస్తున్నాడు. ఇంటెల్ పెద్ద ఫ్యాక్టరీలు వున్న వూరది. మనవాళ్ళు బాగానే వుంటారు. తెలుగు సినిమా విడుదలయితే ఇక్కడికంటే ముందు రోజే ప్రీమియరు వేసుకుని ఈలలు కొట్టేస్తారు. ఆ ప్రీమియరు హడావుడి చూసి రాద్దామని నేను బయల్దేరితే, మామ రాత్రికి రాత్రి బస్సెక్కి మా యింటికొచ్చాడు. సకినాలు, పచ్చడి డబ్బా చేతికిచ్చాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"వాడు తాగుతుండా లేదా... నీ కండ్లతోని చూసి నాకు చెప్పాలె. అబద్ధం చెప్పొద్దు."

అదీ నా డ్యూటీ!

నల్లా గదిలో అడుగు

హిల్స్‌బరోలో దిగిన మూడోరోజున బామ్మర్ది తనే అన్నాడు. "బావా, ప్రీమియరు రాత్రికి కదా. మధ్యాహ్నం నిన్నొక చోటికి తీస్కపోత. ఏం అడగకు."

నా గుండె గతుక్కుమంది. కారు తాళాలు ఇంట్లోనే పెట్టాడు. మాక్స్ అనే రైలెక్కాం. అది హిల్స్‌బరో నుంచి పోర్ట్‌లాండ్ దాకా వూళ్ళ మధ్యగా ట్రాములా సాగిపోతుంది. బయట సన్నటి జల్లు. దిగి రెండు వీధులు నడిస్తే ఓ పాత గోడౌను. తలుపు తియ్యగానే వేడివేడిగా, తియ్యగా ఓ వాసన మొహానికి కొట్టింది. మరిగే జావలో కాస్త బెల్లం వేసినట్టు. ఎక్కడో తెలిసిన వాసనే. గుర్తు రాలేదు.

లోపల సెట్టింగ్ చెబుతాను వినండి. ఒకవైపు పొడవాటి చెక్క బల్లలు. రెండోవైపు అద్దం గోడ. అద్దం వెనక మనిషికి రెండింతలున్న ధగధగలాడే స్టీలు ట్యాంకులు. కౌంటరు వెనక గోడకు వరసగా పదహారు నల్లాలు! నల్లా తిప్పితే నురుగుతో బీరు. సీసా లేదు, మూత లేదు. అక్కడే వండుతారు, అక్కడే పోస్తారు. చాలామటుకు పాశ్చరైజేషను కూడా వుండదు. ట్యాంకుకీ నోటికీ మధ్య ఓ గొట్టం, ఓ నల్లా, అంతే దూరం!

కౌంటరులో అమ్మాయి ముందు నా పాస్‌పోర్టు చూసింది. ఇరవై ఒకటి నిండాలి. (మన దగ్గరా అదే చట్టం. చూసేవాళ్ళే తక్కువ!) తర్వాత నవ్వుతూ, "ఫ్లైటు కావాలా?" అంది.

"వద్దమ్మా, మొన్ననే దిగాను," అన్నాను.

బామ్మర్ది పడీ పడీ నవ్వాడు. ఫ్లైటు అంటే విమానం కాదట! నాలుగు బుల్లి గ్లాసుల్లో నాలుగు రకాలు ఓ చెక్క పళ్ళెంలో పెట్టి ఇస్తారు. రుచి చూడ్డానికి. మన మిఠాయి కొట్టువాడు కొనేముందు చిన్న ముక్క చేతిలో పెడతాడే, అలాగన్నమాట.

నాలుగు గ్లాసులు, నాలుగు పాత్రలు

మొదటి గ్లాసు బంగారు రంగు. పిల్స్‌నర్. 1842లో బొహీమియాలోని పిల్జెన్ నగరంలో పుట్టిన రకం. చల్లటి చోట నిదానంగా పులిసేది. మన దేశంలో సీసాల్లో దొరికే బీర్లన్నీ దాదాపు దీని దూరపు చుట్టాలే. కుటుంబ కథాచిత్రం హీరోలాంటిది. ఎవర్నీ ఇబ్బంది పెట్టదు.

రెండోది ఐపీఏ. ముక్కు దగ్గర పెడితే పంపరపనస తొక్క గిల్లినట్టు వాసన. ఒక్క గుక్క వేశానో లేదో చేదు! కాకరకాయ కూడా సిగ్గుపడాలి. ఆ వాసనా, ఆ చేదూ రెండూ 'హాప్స్' అనే తీగ పువ్వువి. అందులో 'కాస్కేడ్' అనే రకాన్ని ఇదే ఆరెగాన్‌లో పరిశోధనలు చేసి 1972లో విడుదల చేశారు. ఇప్పటి అమెరికా చిన్న బ్రూవరీల రుచికి తల్లివేరు అదే.

మూడోది స్టౌట్. చూపుకి చిక్కటి డికాషను. బార్లీని కాఫీగింజల్లా నల్లగా వేయించడం వల్ల వచ్చిన రంగు. ఎస్వీ రంగారావు గారిలా గంభీరంగా వుంది!

నాలుగో గ్లాసు దగ్గరికొచ్చేసరికి బామ్మర్ది కళ్ళు మెరిశాయి. "ఇదేందో చెప్పు చూద్దాం బావా."

లేత పసుపు రంగు. పుల్లగా, ఎక్కడో గటకలాగా... "జొన్నా!" అన్నాను.

అవును, జొన్న! గోధుమ, బార్లీ పడనివాళ్ళ కోసం జొన్నలతో చేసిన బీరు. నాకు నవ్వొచ్చింది. 1972లోనే, అక్కడ కాస్కేడ్ పువ్వు విడుదలైన ఏడాదే, ఇక్కడ మా పటాన్‌చెరులో ఇక్రిశాట్ మొదలైంది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ పంటల మీద పరిశోధనలకి ప్రపంచమంతా పేరున్న సంస్థ. ఆఫ్రికాలో ఎన్నో దేశాల్లో జొన్న బీరు తరతరాల పానీయం. బుర్కినా ఫాసోలో దాన్ని 'డోలో' అంటారు. ఎక్కువగా ఆడవాళ్ళే కాస్తారు. మేము మాత్రం జొన్నరొట్టె తిని, ఇక్రిశాట్ గోడ పక్కనుంచి బస్సెక్కి, రెండో ఆట సినిమాకి పోయినవాళ్ళం. జొన్నకి ఇంత కథ వుందని పోర్ట్‌లాండ్‌లో తెలిసింది!

వంటావిడ చెప్పిన నీళ్ళ కథ

బామ్మర్దికి ఆవిడ తెలుసులాగుంది. బీరు కాచే ఆవిడ రబ్బరు బూట్లతో బయటికొచ్చి, అద్దం గోడ పక్కన నిలబెట్టి అంతా చూపించింది.

బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడితే మాల్టు. మనం రాగులు మొలకకట్టి పిండి పట్టించినట్టే. దాన్ని పిండిచేసి 65 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు వుంచితే పిండి కాస్తా చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి రసాన్ని వడకట్టి, హాప్స్ పువ్వులు వేసి మరగకాచి, చల్లార్చి, ఈస్టు కలుపుతారు. ఈస్టు చక్కెరను తిని సారాయినీ, బుడగల్నీ వదుల్తుంది. రాత్రి రుబ్బిన దోసెల పిండి పొద్దున్నకి పొంగినట్టే! రకాన్నిబట్టి రెండు వారాలు, కొన్ని నెలల దాకా కూడా పడుతుంది. మిగిలిన పిప్పి పశువుల దాణాకి పోతుంది.

"మాకు ఇంత వంట అక్కర్లేదు. మా దగ్గర చెట్టే కాస్తుంది!" అన్నాను. ఈతకల్లు సంగతి చెప్పాను. చెట్టు రసంలో చక్కెర సిద్ధంగా వుంటుంది. గాలిలోని ఈస్టు లొట్టిలో పడుతుంది. పొద్దున తియ్యగా వున్నది మధ్యాహ్నానికి పులుస్తుంది. గౌడన్న చెట్టు దిగి ఆకుదొప్పలో పోస్తే, ఆ చెట్టుమొదలే ట్యాప్‌రూమ్! ఆవిడ నోరు తెరిచి వింది. ఆ కల్లులో మత్తుమందులు కలిపే పాపాత్ములు కూడా వున్నారనీ, 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి మనుషులు పోయారనీ కూడా చెప్పాను. మంచి చెప్పి చెడు దాచడం దేనికి?

అప్పుడావిడ నా చేతికి ఓ గ్లాసిచ్చింది. నీళ్ళు. వుత్త మంచినీళ్ళు.

"మా అసలు సరుకు ఇదే. బీరులో తొంభై శాతం పైగా నీళ్ళే. మా నీళ్ళు బుల్‌రన్ నుంచి వస్తాయి," అంది.

బుల్‌రన్ అంటే మౌంట్ హుడ్ దగ్గర అడవి మధ్య వున్న నీటి పరీవాహక ప్రాంతం. 1895 నుంచి పోర్ట్‌లాండ్‌కి ఆ నీళ్ళే. ఆ అడవిలోకి మామూలు జనాన్ని అడుగు పెట్టనివ్వరు. ఫ్యాక్టరీ లేదు, ఇల్లు లేదు. ఆ నీళ్ళు ఎంత మెత్తగా వుంటాయంటే బీరు కాచేవాళ్ళు వాటిని అమ్మవారి తీర్థంలా చూసుకుంటారు.

నేను ఆ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మా చిన్నతనంలో నక్కవాగు ఒక్కోరోజు ఒక్కో రంగులో పారేది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్ళు దాంట్లో కలిసేవి. అది వెళ్ళి మంజీరలో పడేది. బావుల నీళ్ళు పసుపు. పొలాలు బీళ్ళు. 1990లో కేసు సుప్రీం కోర్టుకెక్కింది. తర్వాత వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు వచ్చింది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఆ ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళను పరీక్షచేస్తే, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. పటాన్‌చెరు పేరు ప్రపంచ పత్రికలకెక్కింది. హీరోగా కాదు!

ఇంకో సంగతి. లీటరు బీరు తయారవ్వాలంటే, కడుగుడు అదీ కలుపుకుని నాలుగైదు లీటర్ల నీళ్ళు పట్టేవి. పొదుపుగా నడిపే ఫ్యాక్టరీలు ఇప్పుడు మూడు లీటర్ల లోపుకి తెచ్చాయి. కానీ చిక్కెక్కడంటే, బీరు ఎక్కువ అమ్ముడయ్యేదీ ఎండాకాలమే, వూళ్ళో బోర్లు ఎండేదీ ఎండాకాలమే! 2016 కరువులో సింగూరు, మంజీర అడుగంటాయి. ఆ ఏడాదే పక్కరాష్ట్రంలో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ప్రాంతపు బీరు, మద్యం ఫ్యాక్టరీల నీళ్ళకి కోత పెట్టించింది. ఆ వేసవిలో మామ ఇంటి ముందు బిందెల వరస నాకింకా కళ్ళముందే వుంది. పగలు ఫ్యాక్టరీలో నీళ్ళ హోరు విని, రాత్రి ఇంటికొచ్చి ట్యాంకరు కోసం కాపు కాసేవాడు.

వాసన

ఆ తర్వాత కూర్చున్నాం. బామ్మర్ది పిల్స్‌నర్ బుల్లి గ్లాసు చేతిలోకి తీసుకుని, చిన్నగా ఓ గుక్క తాగాడు. నా డ్యూటీ అయిపోయింది. నా కళ్ళతో చూశాను. మామకి ఏం చెప్పాలి?

నా మొహం చూసి వాడే అన్నాడు. "నాయిన చూసి రమ్మన్నడు గదా?"

దొరికిపోయాను. తల వూపాను.

"తాగుతున్న బావా. నెలకొకసారి. గిక్కడనే, గిదే బల్ల మీద. ఒకటి, మహా అయితే రెండు. ఇంట్లో సీసా పెట్టను. కానీ నేను గీడికి తాగనీకి రాలే ఫస్టు." కాసేపు ఆగాడు. "తలుపు తియ్యంగనే వాసనొచ్చింది చూడు... అది నాయిన వాసన."

అప్పుడు గుర్తొచ్చింది నాకు!

లైనులో సీసాలు పగిలేవి. బీరు వంటిమీద చిందేది. మరిగే మాల్టు ఆవిరి బట్టల్లో పట్టేసేది. బస్సులో పక్కవాళ్ళు ముక్కు మూసుకునేవారు. "అన్న సారాతోని పోయిండు, తమ్ముడు బీరుతోని పోతడు" అని వూరు నవ్వేది. అందుకే మామ షిఫ్టు దిగి వచ్చి, ఇంట్లోకి రాకుండా పెరట్లో బోరు దగ్గర తలస్నానం చేసి, బట్టలు అక్కడే విడిచి, అప్పుడు పిల్లల్ని ఎత్తుకునేవాడు. చలికాలమైనా అంతే. ఎంత తోమినా ఆ తీపి వాసన కొంచెం మిగిలిపోయేది.

"చిన్నప్పుడు దోస్తులు ఏడిపిస్తుండె... మీ నాయిన తాగుబోతు అని. నేను కూడా నమ్మిన బావా. ఇంటర్ల వున్నప్పుడు ఒకసారి మొకం మీదనే అన్న, నువ్వు తాగుతవని. నాయిన ఏం అనలే. పోయి మల్లొకసారి తానం చేసొచ్చిండు." వాడి గొంతు బొంగురుపోయింది. "ఈడికొచ్చినంక మూడేండ్లకు ఈ తలుపు తీసిన. అప్పుడు సమజైంది. ఇది తాగినోని వాసన కాదు, పనిచేసినోని వాసన. ఆ మాట ఆయనకు ఎట్ల చెప్పాల్నో తెల్వక, నెలనెలా వచ్చి కూసుంటున్న."

సినిమా అయితే ఇక్కడ వయొలిన్లు మోగాలి. అక్కడ కుక్క ఆవలించింది, అంతే. నేనూ ఏం మాట్లాడలేకపోయాను.

వాళ్ళ నిషేధం, మన నిషేధం

బయటికొస్తూ గోడమీద పాత ఫోటోలు చూశాం. అమెరికాలోనూ 1920 నుంచి 1933 దాకా మద్య నిషేధం నడిచింది. దొంగసారా దాదాలు పుట్టుకొచ్చారు. హాలీవుడ్‌కి బోలెడు కథలు దొరికాయి. నిషేధం ఎత్తేశాక పెద్ద కంపెనీలే మిగిలాయి. 1970ల చివరికి దేశం మొత్తమ్మీద వంద బ్రూవరీలు కూడా లేవు. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఇంట్లో బీరు కాచుకోవడానికి వీలిచ్చే చట్టంమీద సంతకం పెట్టారు. వంటింట్లో కాచినవాళ్ళే తర్వాత గోడౌన్లు అద్దెకు తీసుకున్నారు. 1985లో ఆరెగాన్‌లో కాచినచోటే అమ్ముకోవచ్చని చట్టం వచ్చింది. ఇవాళ ఆ దేశంలో తొమ్మిదివేలకు పైగా బ్రూవరీలు! అలాగని అందరూ లక్షాధికార్లయిపోలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ చిన్న బ్రూవరీలకు పెద్దన్నలాంటి యాంకర్ కంపెనీ 2023లో మూతపడింది.

మన దగ్గర 2015లో మైక్రోబ్రూవరీల నియమాలు వచ్చాక హైదరాబాదు జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు ఇలాంటి నల్లా గదులు వెలిశాయి. సంగారెడ్డి ఫ్యాక్టరీల్లో తయారైన బీరు మాత్రం ముందు సర్కారు కార్పొరేషన్ డిపోకి, అక్కణ్ణుంచి షాపుకి వెళ్ళాల్సిందే. అంచేత మా వూళ్ళ పక్కనే అంత బీరు పుడుతున్నా, అదెలా పుడుతుందో మావాళ్ళు కళ్ళారా చూడలేదు. గేటు, కాంపౌండు గోడ, లారీల వరస... మాకు తెలిసిన బీరు అదే. పోర్ట్‌లాండ్‌లో ఆ గోడ అద్దంతో కట్టారు. పనిచేసేవాణ్ణి తాగేవాడు చూస్తాడు. నాకు నచ్చింది అది.

అన్నట్టు, మిత్రులారా, ఒక్కమాట. ఇది చదివి ఎవరైనా హుషారు తెచ్చుకుంటే నా బాధ్యత కాదు! మేం రైల్లో వెళ్ళాం, రైల్లో వచ్చాం. నా ఇంటరు స్నేహితుడొకడు రెండో ఆట చూసి, రెండు సీసాలు తాగి, బొంబాయి హైవేమీద రుద్రారం దగ్గర ఆగివున్న లారీకిందికి బండి పోనిచ్చాడు. వాడు చూసిన ఆఖరి సినిమా టికెట్ ముక్క జేబులోనే వుంది. మన చట్టం ప్రకారం వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరమే. మొదటిసారికే పదివేల దాకా జుర్మానా, ఆరునెలల దాకా జైలు. జైలు సంగతి సరే, వాళ్ళమ్మ ఇప్పటికీ రాత్రి బండి చప్పుడయితే లేచి కూర్చుంటుంది.

మామకు ఫోను

ప్రీమియరు ఈలల్లో, కాగితాల జల్లులో ఆ రాత్రి గడిచింది. ఆ హంగామా ఇంకోవారం రాస్తాను. తెల్లారి మనకు సాయంత్రం. మామకి ఫోను కలిపాను. బామ్మర్ది పక్కనే వున్నాడు.

"చూసినవా?"

"చూశాను మామా. తాగుతాడు. నెలకి ఒకసారి. నిన్న నా ముందే తాగాడు. బుల్లి గ్లాసు."

అవతల నిశ్శబ్దం. బర్రె అరుపు వినిపించింది.

"ఇంటికెట్ల వచ్చిండ్రు?"

"రైలెక్కి."

"వూ." మళ్ళీ నిశ్శబ్దం. "అక్కడ సీసాలు ఎవరు చూస్తరు? లైటు కాడ?"

"సీసాలు లేవు మామా. నల్లా తిప్పితే బీరొస్తుంది."

"నల్లా తిప్పితెనా!" మామ నవ్వాడు. బలే నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. "మనకాడ నల్లా తిప్పితే నీళ్ళొస్తె సాలురా!" దగ్గు ఆగాక గొంతు మారింది. అడిగాడు ఆ ఒక్క ప్రశ్న. "అవుగానీ... గా వూరి జనాలకు తాగే నీళ్ళు మంచిగున్నయా?"

నేను చూసినదేమిటో, వాడు తాగినదేమిటో అని అడగలేదు చూడండి! ఇరవై రెండేళ్ళు లైటు ముందు కూర్చుని లక్షల సీసాలు చూసిన మనిషికి మిగిలిపోయిన ప్రశ్న అది.

"మంచిగున్నాయి మామా. ఒక గ్లాసు తాగాను. చాలా మంచిగున్నాయి."

"అయితే ఆళ్ళు బీరు చేసుకున్నా ఫరవాలేదు," అన్నాడు. "ఫోను వానికియ్యి."

బామ్మర్ది ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. అద్దం తలుపు మూసుకున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. వానలో నిలబడి వాడు అరగంట మాట్లాడాడు. మధ్యలో ఒకసారి చొక్కా చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకోవడం మాత్రం కనిపించింది. లోపలికొచ్చాక, "ఏమన్నాడ్రా?" అన్నాను.

"ఎండాకాలం రమ్మన్నడు. వచ్చినప్పుడు బోరుకాడ తానం చేయకుండనే ఇంట్లకు రమ్మన్నడు."

గూఢచారి డ్యూటీ అయిపోయింది. మామ ఇచ్చిన సకినాల డబ్బా అప్పటికే ఖాళీ!